లూకస్ రడేబే గురించి పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ప్రశ్న | ఆదివారం మైదానం (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా కాలనీ మైదానంలో ఆదివారాలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఆట ముగిశాక చెట్టు కింద కూర్చుని ఎవరో ఒక పాత ఆటగాడి గురించి అరగంట మాట్లాడుకోవడం మాకు అలవాటు. మొన్న జర్నైల్ సింగ్ గురించి చెప్పాను. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, మన హైదరాబాదు రహీమ్ సాబ్ శిక్షణలో, తలకు కుట్లు పడిన ఆ డిఫెండర్‌ను ముందు వరుసలో ఆడిస్తే ఫైనల్లో గోల్ కొట్టి గెలిపించారని చెప్పగానే పిల్లలు ఎగిరి గంతేశారు. ఆ ఊపులోనే, వచ్చే వారం మరో డిఫెండర్ కథ చెబుతానని మాట ఇచ్చాను. ఆయనే దక్షిణాఫ్రికాకు చెందిన లూకస్ రడేబే.

వివరాలు చాలావరకు నా దగ్గర ఉన్నాయి. 1969 ఏప్రిల్ 12న జొహానెస్‌బర్గ్ పక్కనున్న సొవెటోలోని డీప్‌క్లూఫ్‌లో, పదకొండు మంది సంతానం ఉన్న కుటుంబంలో పుట్టారు. 1989లో కైజర్ చీఫ్స్ క్లబ్‌లో చేరారు. 1994లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యునైటెడ్‌కు వెళ్లి, అక్కడే పదకొండేళ్లు ఆడి, 2005లో విరమించారు. రెండు ప్రపంచ కప్‌లలో తన దేశ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నారు. ఇంతవరకూ ఇబ్బంది లేదు. అయితే కథ మొదలుపెట్టకముందే ఒక కుర్రవాడు "ఎన్ని గోల్స్ కొట్టారు సార్?" అని అడిగాడు. దేశం తరఫున 70 మ్యాచ్‌లలో రెండే రెండు అన్నాను. "మరి లీడ్స్‌కు?" అన్నాడు. లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటి కూడా లేదని చెప్పాను. లీడ్స్‌లో ఉన్న కాలంలో ఆ క్లబ్ ఒక్క ట్రోఫీ అయినా గెలవలేదని కూడా చెప్పాల్సి వచ్చింది. పిల్లల ముఖాల్లో ఉత్సాహం తగ్గిపోయింది.

నా సందేహం ఇది. ఆయనపై సొవెటోలోనూ లీడ్స్‌లోనూ ఇప్పటికీ కనిపించే ప్రేమకు కారణం ఆయన ఆటా, లేక ఆయన జీవితంలో పడిన కష్టాలా? కష్టాల కథగా చెబితే పిల్లలు కచ్చితంగా వింటారు. కానీ ఆటను పక్కన పెట్టి జాలి కథ చెప్పడం ఒక డిఫెండర్‌కు అన్యాయం చేసినట్టే అవుతుందని నాకు అనిపిస్తోంది. తెలిసినవారు దారి చూపగలరు.

జవాబు | పాత సెంటర్ బ్యాక్ (విశాఖపట్నం)

మీ సందేహం సరైనదే. నేను కళాశాల రోజుల్లో వెనుక వరుసలో ఆడినవాణ్ని, కాబట్టి ఆట వైపు నుంచే మాట్లాడతాను. కష్టాల సంగతి ఇంకెవరైనా నాకంటే బాగా చెబుతారు.

గోల్స్ లెక్క అడిగిన ఆ కుర్రవాడికి వేరే లెక్క చూపించండి. 1996-97 సీజన్‌లో లీడ్స్ 38 లీగ్ మ్యాచ్‌లు ఆడి కొట్టిన గోల్స్ 28 మాత్రమే. ఇరవై జట్లున్న ఆ పోటీలో అంత తక్కువ గోల్స్ కొట్టిన జట్టు సహజంగా కింది డివిజన్‌కు జారిపోవాలి. లీడ్స్ మాత్రం పదకొండో స్థానంలో నిలిచింది. ఎందుకంటే వాళ్లకు పడిన గోల్స్ కూడా 38 మాత్రమే. ఆ సీజన్ మొదట్లోనే, సెప్టెంబరులో, హోవార్డ్ విల్కిన్సన్ స్థానంలో జార్జ్ గ్రేయమ్ మేనేజర్‌గా వచ్చారు. ఆర్సెనల్‌లో ఉన్నప్పటి నుంచీ రక్షణ వరుసను కట్టడంలో ఆయనకు గొప్ప పేరు. వచ్చీ రాగానే ఆయన కంటబడిన మనిషి రడేబే. అంతకుముందు రెండేళ్లు కుడి వైపు బ్యాక్‌గా, మిడ్‌ఫీల్డ్‌లో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడిస్తూ వచ్చిన ఆటగాడిని గ్రేయమ్ తీసుకుని ఒకే పని అప్పగించారు. అవతలి జట్టులో అత్యంత ప్రమాదకరమైన ఫార్వర్డ్‌ను విడవకుండా అంటిపెట్టుకుని ఉండడమే ఆ పని. వెనుక గోల్‌కీపర్ నైజెల్ మార్టిన్, ముందు రడేబే నిలబడితే ఆ ఏడాది లీడ్స్‌పై గోల్ కొట్టడం ఎంతో కష్టమైంది. చూసేవాళ్లకు ఆ ఆట అందంగా ఉండేదని నేను అనను. కానీ ఒక డిఫెండర్ విలువ తెలియాలంటే అలాంటి ఏడాదినే చూడాలి.

ఆయన శైలి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. రడేబే మరీ భారీ మనిషి కాదు. బలంతో పడగొట్టే రకం అంతకంటే కాదు. పరుగెత్తే ఫార్వర్డ్ పక్కనే తానూ పరుగెత్తుతూ, బంతి అతని పాదానికి కొంచెం దూరమైన క్షణం కోసం ఎదురుచూసి, అప్పుడే కాలు చాపేవారు. మా రోజుల్లో మాకు శిక్షకులు వందసార్లు చెప్పినా అబ్బని విద్య అది, ఎందుకంటే కుర్రతనంలో అందరికీ ముందే కాలు వేసేయాలనిపిస్తుంది. ఇక గాలిలో వచ్చే బంతిని చదవడంలో ఆయనకున్న నేర్పుకు కారణం, ఆయన చిన్నప్పుడు గోల్‌కీపర్‌గా ఆడడమేనని నా అభిప్రాయం. గోల్ ముందు నిలబడినవాడికి మైదానమంతా ఎదురుగా కనిపిస్తుంది, ఎవరు ఎక్కడికి పరుగెడుతున్నారో ముందే తెలుస్తుంది. ఆ చూపు ఆయనకు తర్వాత కూడా పోలేదు.

ఆ గోల్‌కీపర్ విద్య ఒకసారి అక్షరాలా అక్కరకు వచ్చింది. మీ పిల్లలకు తప్పక చెప్పవలసిన మ్యాచ్ అదే. 1996 ఏప్రిల్ 17, మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫోర్డ్. మాంచెస్టర్ యునైటెడ్ లీగ్ టైటిల్ కోసం పోరాడుతోంది. ఆట మొదలై ఇరవై నిమిషాలు కాకముందే లీడ్స్ గోల్‌కీపర్ మార్క్ బీనీ పెనాల్టీ బాక్స్ బయట బంతిని చేత్తో ఆపి రెడ్ కార్డ్ అందుకున్నారు. బెంచీ మీద వేరే గోల్‌కీపర్ లేరు. రడేబే గ్లవ్స్ తొడుక్కుని వెళ్లి గోల్ ముందు నిలబడ్డారు. పది మందితో మిగిలిన జట్టు, ఎదురుగా ఆ ఏడాది చాంపియన్ కాబోతున్న జట్టు, గోల్‌లో ఒక డిఫెండర్. అలాంటి స్థితిలోనూ యునైటెడ్‌కు రెండో సగంలో చాలాసేపటి వరకు గోల్ దొరకలేదు. చివరికి రాయ్ కీన్ కొట్టిన ఒక్క గోల్‌తో లీడ్స్ 1-0 తేడాతో ఓడింది. అంతకు కొన్ని వారాల ముందు మిడిల్స్‌బ్రోతో జరిగిన మ్యాచ్‌లో కూడా ఆయన ఇలాగే గోల్‌లో నిలబడ్డారు. ఓడిన మ్యాచ్‌ను గొప్పగా చెప్పడం ఏమిటని పిల్లలు అడగవచ్చు. అడిగితే, ఆ స్థితిలో ఎన్ని గోల్స్ పడతాయని వాళ్లు అనుకుంటున్నారో ముందు ఊహించమనండి.

జవాబు | గోల్డ్ రీఫ్ దారి (జొహానెస్‌బర్గ్)

నేను ఉద్యోగరీత్యా పన్నెండేళ్లుగా జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్న తెలుగువాణ్ని. పైన విశాఖ మిత్రులు ఆట గురించి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. కానీ "జీవితం వేరు, ఆట వేరు" అన్నట్టుగా రడేబే కథను విడదీయడం ఇక్కడి మనుషులకు అర్థం కాదు. ఇక్కడ ఆయన తరంలో ఫుట్‌బాల్ ఆడడమే ఆ కాలంతో ముడిపడిన విషయం.

దక్షిణాఫ్రికాను వర్ణవివక్ష కారణంగా ఫిఫా 1961లో సస్పెండ్ చేసింది, 1976లో పూర్తిగా బహిష్కరించింది. ఆ 1976లోనే జూన్ 16న సొవెటోలో పాఠశాల విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. అప్పటికి రడేబే వయసు ఏడేళ్లు. 1980లలో సొవెటో వీధులు మళ్లీ మండినప్పుడు, కొడుకు ఆ గొడవల్లో చిక్కుకుంటాడని భయపడిన తల్లిదండ్రులు పదిహేనేళ్ల వయసులో ఆయన్ని బొఫుతట్స్వానాకు పంపించారు. నల్లజాతి వారికి "ప్రత్యేక దేశం" పేరుతో ప్రిటోరియాలోని దక్షిణాఫ్రికా ప్రభుత్వం కట్టబెట్టిన ప్రాంతాలలో అదొకటి. దాన్ని దేశంగా దక్షిణాఫ్రికా తప్ప ప్రపంచంలో ఎవరూ గుర్తించలేదు. ఊరుగాని ఊరిలో పొద్దుపోవడానికే ఆయన ఫుట్‌బాల్‌ను గట్టిగా పట్టుకున్నారు, అదీ గోల్‌కీపర్‌గా. కైజర్ చీఫ్స్ వాళ్ల కంటపడింది అక్కడ ఉన్నప్పుడే. కైజర్ చీఫ్స్ అంటే 1970లో కైజర్ మొటౌంగ్ స్థాపించిన క్లబ్. సొవెటోలో ఇంటింటా చీఫ్స్ వాళ్లో, ప్రత్యర్థి క్లబ్ ఓర్లాండో పైరేట్స్ వాళ్లో ఉంటారు, మధ్యలో ఉండేవాళ్లు అరుదు.

ఇక 1991 కాల్పుల సంగతి. దాన్ని మీరు ఎలా చెప్పాలో చాలా జాగ్రత్తగా ఆలోచించుకోండి. సొవెటోలో సోదరుడితో కలిసి దుకాణానికి వెళ్తుండగా ఎవరో ఆయన్ని తుపాకీతో కాల్చారు. బుల్లెట్ వీపులోంచి దూరి తొడలోంచి బయటికి వచ్చింది. ప్రాణానికి అవసరమైన ఏ అవయవానికీ తగలకపోవడం వల్ల ఆయన బతికి మళ్లీ ఆడగలిగారు. కాల్చిన వాళ్లెవరో తేలలేదు. తాను వేరే క్లబ్‌కు వెళ్లిపోతానేమోనన్న అనుమానంతోనే ఎవరో చేయించి ఉంటారని ఆయన తర్వాత చెప్పారు. కానీ అది అనుమానమే. పిల్లలకు చెప్పేటప్పుడు దాన్ని రుజువైన విషయంలా చెప్పవద్దని నా మనవి.

ఆ తర్వాతి ఏడాదే ఆయన చేతికి దేశం జెర్సీ వచ్చింది. 1992లో ఫిఫా దక్షిణాఫ్రికాను తిరిగి చేర్చుకున్నాక, జూలై 7న డర్బన్‌లో కామెరూన్‌తో తొలి మ్యాచ్ జరిగింది. ఇటలీలో జరిగిన 1990 ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టు అది. డాక్టర్ ఖుమాలో అనే ఆటగాడు కొట్టిన పెనాల్టీతో దక్షిణాఫ్రికా 1-0తో గెలిచింది. ఆ రోజు వెనుక వరుసలో రడేబే ఉన్నారు. ఒక్కసారి ఆలోచించండి, ఆయన కంటే పదేళ్లు ముందు పుట్టిన ఎంతో గొప్ప ఆటగాళ్లు దేశం పేరు మీద ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ముసలివాళ్లయిపోయారు. ఇక్కడి పెద్దవాళ్లు ఆ జట్టును తలచుకుంటే గొంతు ఎందుకు పూడుకుపోతుందో నాకు అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది.

1996 ఆఫ్రికా కప్ దక్షిణాఫ్రికాలోనే జరిగింది. దానికి ముందు ఏడాది మోకాలి గాయంతో రడేబే నెలల తరబడి ఆటకు దూరమయ్యారు. సమయానికి తేరుకుని వచ్చి ఆడారు. సెమీ ఫైనల్లో ఎదురుగా ఘనా, ఆ జట్టు ఫార్వర్డ్ టోనీ యెబోవా. లీడ్స్‌లో ఆయనకు రడేబే సహచరుడు, రోజూ ఒకే మైదానంలో సాధన చేసే ఇద్దరు. ఆ మ్యాచ్‌ను దక్షిణాఫ్రికా 3-0తో గెలిచింది. ఫిబ్రవరి 3న ఫైనల్లో మార్క్ విలియమ్స్ కొట్టిన రెండు గోల్స్‌తో ట్యునీషియాపై 2-0తో నెగ్గి, కెప్టెన్ నీల్ టోవీ కప్ ఎత్తుకున్నారు. గోల్స్ ఎవరు కొట్టారో అందరికీ గుర్తుంటుంది. మీ పిల్లలకు చెప్పవలసిన అంకె వేరే ఉంది. ఆ పోటీ మొత్తంలో ఆరు మ్యాచ్‌లకు గాను దక్షిణాఫ్రికాకు పడిన గోల్స్ రెండే.

మళ్లీ అడిగినవారు | ఆదివారం మైదానం

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా కాల్పుల విషయంలో మీరు చేసిన హెచ్చరికకు. నేను రాసుకున్న కాగితంలో అది దాదాపు తేలిపోయిన సంగతిలా ఉంది, ఇప్పుడే దిద్దుకున్నాను.

ఇంకో రెండు విషయాలు అడుగుతాను. మొదటిది, 2002 ప్రపంచ కప్‌లో స్పెయిన్‌పై ఆయన గోల్ కొట్టారు కదా, అయినా జట్టు ఇంటిముఖం పట్టింది. అది ఎలా జరిగిందో పిల్లలకు సులువుగా చెప్పే మార్గం కావాలి. రెండోది, లీడ్స్ నగరంవాళ్లు ఒక్క ట్రోఫీ కూడా తేని కెప్టెన్‌ను అంతగా ఎందుకు తలకెత్తుకున్నారు? ఆట బాగుండడం ఒక్కటే అయితే, ఆ క్లబ్‌కు అంతకంటే పేరున్న ఆటగాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు.

జవాబు | ఎలండ్ రోడ్ గ్యాలరీ (లీడ్స్‌లో చదువుకున్న గుంటూరువాసి)

మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పేస్తాను. 2002లో నాలుగు జట్ల గ్రూపు నుంచి రెండు జట్లకే ముందుకు వెళ్లే అవకాశం. దక్షిణాఫ్రికా పరాగ్వేతో 2-2తో డ్రా చేసుకుంది, స్లొవేనియాపై 1-0తో గెలిచింది, స్పెయిన్ చేతిలో 3-2తో ఓడింది. మొత్తం కొట్టినవి ఐదు, పడినవి ఐదు. అదే సమయంలో పరాగ్వే స్లొవేనియాపై 3-1తో గెలవడంతో వాళ్లు కొట్టినవి ఆరు, పడినవి ఆరు అయ్యాయి. పాయింట్లు ఇద్దరికీ నాలుగే, గోల్స్ తేడా ఇద్దరికీ సున్నాయే. ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు ముందుకు వెళ్లారు. అంటే ఒక్క గోల్ తేడా. ఆ స్పెయిన్ మ్యాచ్‌లో కెప్టెన్ రడేబే రెండో సగం మొదట్లో హెడర్‌తో స్కోరును 2-2 చేశారు, కొద్ది నిమిషాల్లోనే రౌల్ మళ్లీ స్పెయిన్‌ను ముందుకు తీసుకెళ్లారు. నల్లబల్ల మీద నాలుగు వరుసలు గీస్తే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

రెండో ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెప్పాలి. నేను 2003 నుంచి 2005 వరకు లీడ్స్‌లో చదువుకున్నాను. ఆ క్లబ్ చరిత్రలో అత్యంత బాధాకరమైన రోజులవి.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1994లో లీడ్స్ ఇద్దరు దక్షిణాఫ్రికా ఆటగాళ్లను కొన్నప్పుడు క్లబ్ దృష్టి అంతా ఫార్వర్డ్ ఫిల్ మసింగాపైనే ఉండేది. రెండున్నర లక్షల పౌండ్లకు వచ్చిన రడేబే ఆ బేరంలో తోడుగా వచ్చినవారు అన్నట్టే లెక్క. మసింగా రెండేళ్లు ఆడి వెళ్లిపోయారు. 1997లో కాంగోపై గోల్ కొట్టి దక్షిణాఫ్రికాను మొట్టమొదటిసారి ప్రపంచ కప్‌కు చేర్చింది ఆయనే. 2019లో క్యాన్సర్‌తో ఆయన మరణించినప్పుడు రెండు దేశాల్లోనూ అభిమానులు కన్నీరు పెట్టారు. తోడుగా వచ్చిన రడేబే మాత్రం లీడ్స్‌లోనే ఉండిపోయారు. 1998లో కెప్టెన్ అయ్యారు. డేవిడ్ ఓలీరీ మేనేజర్‌గా ఉన్న ఆ కాలంలో లీడ్స్ వరుసగా లీగ్‌లో నాలుగు, మూడు, నాలుగు స్థానాల్లో నిలిచింది. యూరప్ క్లబ్‌ల పోటీల్లో 2000లో యూఈఎఫ్ఏ కప్ సెమీ ఫైనల్, 2001లో చాంపియన్స్ లీగ్ సెమీ ఫైనల్ ఆడింది.

గోల్స్ గురించి అడిగిన కుర్రవాడికి ఈ సంగతి చెప్పండి. 1999 డిసెంబరులో యూఈఎఫ్ఏ కప్‌లో స్పార్టక్ మాస్కోతో తొలి అంచెలో లీడ్స్ 2-1తో ఓడింది. మాస్కోలో మైదానం గడ్డకట్టడంతో ఆ మ్యాచ్‌ను సోఫియాలో ఆడించారు. లీడ్స్ సొంత మైదానం ఎలండ్ రోడ్‌లో జరిగిన రెండో అంచెలో ఎంతసేపటికీ గోల్ పడలేదు. ఆట ఆఖరికి వస్తుండగా, 84వ నిమిషంలో, కార్నర్ నుంచి వచ్చిన బంతిని రడేబే తలతో కొట్టి గోల్‌లోకి పంపారు. 1-0. రెండు మ్యాచ్‌లు కలిపి 2-2. అలా సమమైతే సొంత మైదానం కాని చోట ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు గెలిచినట్టు అన్నది అప్పటి నియమం, కాబట్టి తొలి అంచెలో కొట్టిన గోల్‌తో లీడ్స్ ముందుకు వెళ్లింది. లీగ్‌లో ఒక్క గోల్ లేని మనిషి కొట్టిన గోల్ అది.

ఆ తర్వాత మోకాలు, చీలమండ గాయాలు ఆయన్ని దాదాపు రెండేళ్లు కూర్చోబెట్టాయి. 2000 నవంబరులో క్లబ్ ఒక కోటి ఎనభై లక్షల పౌండ్లు పెట్టి రియో ఫెర్డినాండ్‌ను కొన్నది. అప్పులు తెచ్చి ఆటగాళ్లను కొన్న ఆ పద్ధతి చివరికి క్లబ్‌నే ముంచింది. చాంపియన్స్ లీగ్‌లో స్థానం తప్పిపోగానే అప్పులవాళ్లు మీదపడ్డారు, పేరున్న ఆటగాళ్లందరినీ ఒకరి తర్వాత ఒకరిని అమ్మేశారు, 2004 మేలో లీడ్స్ కింది డివిజన్‌కు పడిపోయింది. నేను ఆ నగరంలో దిగేనాటికి ప్రతి వారం ఎవరో ఒకరు వెళ్లిపోతున్నారన్న వార్తే. ముప్పై అయిదేళ్లు వచ్చి, ఒళ్లంతా గాయాలైన రడేబే మాత్రం కింది డివిజన్‌లో కూడా ఆ తెల్ల జెర్సీనే వేసుకున్నారు. ఆయన మంచి ఫామ్‌లో ఉన్న రోజుల్లో పెద్ద క్లబ్‌లు ఆసక్తి చూపాయని పత్రికల్లో వార్తలు వచ్చేవి. అప్పుడూ ఆయన వెళ్లలేదు, మునిగిపోతున్నప్పుడూ వెళ్లలేదు. మీరు అడిగిన "ఎందుకు"కు నాకు తెలిసిన జవాబు ఇదే.

2005 మే 2న ఆయన గౌరవార్థం ఎలండ్ రోడ్‌లో వీడ్కోలు మ్యాచ్ పెట్టారు. దాదాపు ముప్పై ఎనిమిది వేల మంది వచ్చారు. ఆ సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లకు కూడా అంతమంది రావడం అరుదు. నేను టికెట్ కోసం మిత్రుడితో కలిసి వరుసలో నిలబడ్డాను. మా ముందు ఒక పెద్దాయన, మా వెనుక చిన్న పిల్లతో ఒక తల్లి. ఇద్దరూ ఆయన్ని "చీఫ్" అనే పిలుస్తున్నారు. సొవెటో క్లబ్ పేరు నుంచి వచ్చిన ఆ పిలుపు ఆ ఊరి సొంత మాట అయిపోయింది. లీడ్స్‌కు చెందిన ఒక సంగీత బృందం ఆయన పాత క్లబ్ పేరును, ఒక అక్షరం మార్చి, తమ పేరుగా పెట్టుకుందని కూడా పిల్లలకు చెప్పవచ్చు, నవ్వుకుంటారు. 2001లో నెల్సన్ మండేలా లీడ్స్‌కు వచ్చినప్పుడు రడేబేను చూపిస్తూ ఈయన నా హీరో అన్నారని అక్కడ అందరూ గర్వంగా చెప్పుకుంటారు.

జాలి కథ కాకూడదన్న మీ జాగ్రత్త నాకు నచ్చింది. వీడ్కోలు మ్యాచ్ రోజు ఎలండ్ రోడ్‌లో నాకు ఎవరి ముఖంలోనూ జాలి కనబడలేదు.

జవాబు | గోల్డ్ రీఫ్ దారి

గుంటూరు మిత్రులకు ధన్యవాదాలు, మసింగాను గుర్తుచేసినందుకు మరీ ముఖ్యంగా. ఒక్క విషయం చేర్చి ముగిస్తాను. 2000లో ఫిఫా ఫెయిర్ ప్లే పురస్కారాన్ని రడేబేకు ఇచ్చింది. ఫుట్‌బాల్‌లో జాతివివక్షను వ్యతిరేకించడంలోనూ, అనాథ పిల్లలను చూసుకునే ఎస్ఓఎస్ గ్రామాల కోసం పనిచేయడంలోనూ ఆయన చేసిన కృషికి గుర్తింపు అది. తర్వాత 2010 ప్రపంచ కప్‌ను దక్షిణాఫ్రికాకు తేవడానికి జరిగిన ప్రయత్నంలోనూ ఆయన ముందు నిలబడ్డారు. ఆ పోటీ ప్రారంభ మ్యాచ్, ఫైనల్ సొవెటో అంచున ఉన్న సాకర్ సిటీలోనే జరిగాయి. 1996లో ఆయన ఆఫ్రికా కప్ గెలిచిన స్థలంలోనే, పాత కట్టడాన్ని పెద్దది చేసి కట్టిన స్టేడియంలో. ఆయన పుట్టిన డీప్‌క్లూఫ్ అక్కడికి ఎంతో దూరం కాదు.

అడిగినవారు | ఆదివారం మైదానం

అందరికీ మనఃపూర్వకంగా ధన్యవాదాలు. నిర్ణయించుకున్నాను. పుట్టుకతో మొదలుపెట్టను. ఆదివారం ఆట మధ్యలో మా గోల్‌కీపర్ కుర్రవాణ్ని పక్కన కూర్చోబెట్టి, మా సెంటర్ బ్యాక్ చేతికి గ్లవ్స్ ఇచ్చి, పదకొండు మందికి ఎదురుగా పది మందితో ఇరవై నిమిషాలు ఆడిస్తాను. ఎన్ని గోల్స్ పడ్డాయో లెక్కపెట్టించాక చెట్టు కింద కూర్చుని ఓల్డ్ ట్రాఫోర్డ్ దగ్గర మొదలుపెడతాను. సొవెటో, బొఫుతట్స్వానా, డర్బన్ ఆ తర్వాత చెబుతాను. స్పెయిన్ మ్యాచ్ లెక్కకు మాత్రం ఇంటి నుంచి నల్లబల్ల మోసుకెళ్లాలి.